జన్యు వివక్ష

ఒక మనిషి జన్యువులలో ఉన్న తేడాను బట్టి, లేదా ఉన్నదని ఇతరులు అనుకొంటున్న తేడాను బట్టి, ఆ మనిషిని ఉద్యోగంలో గాని, బీమాలో గాని, పెళ్ళి సంబంధాలలో గాని వేరుగా చూడడాన్ని జన్యు వివక్ష అంటారు. రోగులపై చూపే వివక్షకు, దీనికి ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. జన్యు వివక్షకు గురయ్యే వ్యక్తికి ఆ సమయానికి జబ్బేమీ ఉండదు. భవిష్యత్తులో రావచ్చు, రాకపోవచ్చు. వాహకుల విషయంలోనైతే సాధారణంగా ఆ జబ్బు వారికి రానే రాదు.

వివక్ష జరిగినట్లు రుజువైన ఉదంతాలు తక్కువే. కాని జరుగుతుందేమోనన్న భయం చాలా విస్తారమైనది. జన్యు పరీక్ష చేయించుకోవాలా వద్దా, ఫలితం ఎవరికి చెప్పాలి, డాక్టరు చీటీలో వ్రాయించుకోవచ్చునా అనే నిర్ణయాలపై ఈ భయం ప్రభావం చూపుతుంది. పరీక్ష వలన ప్రాణం దక్కగలిగినవారు కూడా దానిని మానుకొన్న సందర్భాలు ఉండడం చేత, ఇది న్యాయశాస్త్రానికే కాక వైద్యానికి కూడా సంబంధించిన సమస్య అయింది.

జన్యు పరీక్ష చెప్పేది, చెప్పనిది

జన్యు పరీక్షలన్నీ ఒకే రకమైన జవాబు ఇవ్వవు. హంటింగ్టన్ వ్యాధి వంటి వాటిలో, ఉత్పరివర్తన ఒక స్థాయి దాటి ఉంటే, ఆయుష్షు ఉన్నంతలో జబ్బు రావడం దాదాపు ఖాయం. రొమ్ము కేన్సరుకు సంబంధించిన బి.ఆర్.సి.ఏ.1, బి.ఆర్.సి.ఏ.2 జన్యువులలో దోషం ఉంటే జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ అవుతుంది గాని ఖాయం కాదు. కొడవలి కణ రక్తహీనత, తలసీమియా వంటి వాటిలో తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు దోషపూరిత ప్రతులు వస్తేనే జబ్బు. ఒకటే ఉన్నవారు వాహకులు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం వలననే చరిత్రలో చాలా అన్యాయాలు జరిగాయి. 'జన్యువు ఉంది' అన్న మాట వినగానే 'జబ్బు ఉంది' అని అర్థం చేసుకోవడం బీమా గుమాస్తాలకే పరిమితం కాదు, చదువుకొన్నవారిలో కూడా మామూలే.

చరిత్ర

ఈ గందరగోళానికి మొదటి పెద్ద ఉదాహరణ 1970 దశకంలో అమెరికాలో కనిపిస్తుంది. కొడవలి కణ రక్తహీనత అక్కడి నల్లజాతివారిలో ఎక్కువ. కొన్ని రాష్ట్రాలు బడిపిల్లలకు, పెళ్ళి లైసెన్సు కోరేవారికి ఈ పరీక్షను తప్పనిసరి చేశాయి. ఆ చట్టాలు వ్రాసినవారిలో కొందరికి వాహకులకూ రోగులకూ తేడా తెలియలేదు. ఫలితంగా ఏ జబ్బూ లేని వాహకులకు ఉద్యోగాలు దొరకకపోవడం, బీమా ప్రీమియం పెరగడం జరిగింది. వాహకులను అమెరికా వైమానిక దళ అకాడమీలో 1981 వరకు చేర్చుకోలేదు. 1972లో వచ్చిన కేంద్ర చట్టం, సహాయనిధులు పొందే పరీక్షా కార్యక్రమాలు స్వచ్ఛందంగా ఉండాలని నిబంధన పెట్టింది.

ఈ వ్యాధి హీమోగ్లోబిన్ అణువులో ఉన్న లోపం వలన వస్తుందని 1949లో చూపించినది ప్రఖ్యాత రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్. ఆయనే 1968లో, ఈ జన్యువు ఉన్న యువతీయువకుల నుదుటిపై పచ్చబొట్టు పొడిపించాలని, అప్పుడు ఇద్దరు వాహకులు ఒకరినొకరు చూడగానే గుర్తించి ప్రేమలో పడకుండా ఉంటారని వ్రాశాడు. ఆయన ఉద్దేశం పుట్టబోయే పిల్లల బాధ తప్పించడమే. రెండు నోబెల్ బహుమతులు పొందిన మేధావికి కూడా ఆ పచ్చబొట్టును పెళ్ళికొడుకులతో పాటు యజమానులూ చూస్తారన్న సంగతి తట్టలేదు.

ఉద్యోగులకు తెలియకుండా పరీక్షలు చేసిన ఉదంతాలు కూడా ఉన్నాయి. కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల ఉద్యోగుల రక్తాన్ని వారికి చెప్పకుండా సిఫిలిస్‌కు, నల్లజాతివారి రక్తాన్ని కొడవలి కణ లక్షణానికి, స్త్రీల నమూనాలను గర్భానికి పరీక్షించారన్న ఆరోపణపై వ్యాజ్యం నడిచింది. ఇటువంటి రహస్య పరీక్ష వ్యక్తిగత గోప్యతకు భంగం కావచ్చునని 1998లో అప్పీలు కోర్టు అంగీకరించింది. 2001లో బర్లింగ్టన్ నార్తర్న్ శాంటా ఫే రైల్వే సంస్థపై అమెరికా సమాన ఉద్యోగావకాశాల కమిషన్ కేసు పెట్టింది. మణికట్టు నొప్పికి నష్టపరిహారం కోరిన కార్మికుల రక్తంలో, నరాల బలహీనతకు కారణమయ్యే అరుదైన జన్యు లోపం కోసం ఆ సంస్థ వెతికించినదని అభియోగం. నొప్పి పనివలన కాదు, పుట్టుకవలన వచ్చిందని చూపగలిగితే పరిహారం తప్పుతుంది. సంస్థ పరీక్షలు ఆపివేసి, 2002లో 22 లక్షల డాలర్లకు రాజీపడింది.

హంటింగ్టన్ వ్యాధి: తెలుసుకోవడమా, మానడమా

జన్యు పరీక్ష నిర్ణయం ఎంత కఠినమైనదో ఈ వ్యాధి చూపినంతగా మరేదీ చూపలేదు. 1872లో జార్జి హంటింగ్టన్ అనే అమెరికన్ వైద్యుడు దీనిని వర్ణించాడు. సాధారణంగా 30 నుండి 50 ఏళ్ళ మధ్య మొదలై, ఒళ్ళు తనంతట తాను మెలికలు తిరగడం, మతిస్థిమితం తప్పడం, చివరకు మరణం సంభవిస్తాయి. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సరిగ్గా సగం. లక్షణాలు మొదలయ్యే వయస్సుకు చాలామందికి పిల్లలు పుట్టి ఉంటారు.

దోషం నాలుగవ క్రోమోజోములో ఉన్నదని 1983లో తెలిసింది. వెనిజులాలో మరకైబో సరస్సు తీరాన తరతరాలుగా ఈ జబ్బుతో బాధపడుతున్న కుటుంబాల రక్త నమూనాలు ఆ పరిశోధనకు ఆధారం. 1993లో జన్యువు చేతికి చిక్కింది. అందులో సి.ఏ.జి. అనే మూడు అక్షరాల ముక్క పదేపదే వస్తుంది. 26 సార్లు లేదా అంతకంటె తక్కువైతే మామూలు. 40 సార్లు లేదా అంతకుమించి ఉంటే జబ్బు తప్పదు. మధ్యలో 36 నుండి 39 వరకు వచ్చినవారికి రావచ్చు, రాకపోవచ్చు. ఇంత కచ్చితమైన పరీక్ష ఉన్నా వ్యాధిని ఆపే చికిత్స మాత్రం లేదు.

పరీక్ష రాకముందు జరిపిన సర్వేలలో, వస్తే చేయించుకొంటామని సగానికి పైగా చెప్పారు. వచ్చిన తరువాత నిజంగా చేయించుకొన్నవారు వివిధ దేశాలలో 5 నుండి 20 శాతం వరకే. మానుకొన్నవారందరూ బీమాకు భయపడి మానలేదు. మందు లేని జబ్బు గురించి ముందే తెలుసుకొని ఏం చేస్తామన్నది ప్రధాన కారణం. దానికి తోడు ఉద్యోగం, బీమా, పిల్లల పెళ్ళిళ్ళు అనే లెక్కలు చేరుతాయి. ఏది ఎంత పాలు అన్నది విడదీయడం కష్టం, ఆ మనిషికి కూడా.

ఈ పరిశోధనకు నాయకత్వం వహించిన నాన్సీ వెక్స్‌లర్ తల్లి 1978లో ఇదే వ్యాధితో మరణించింది. కనుక పరీక్షను సాధ్యం చేసిన శాస్త్రవేత్తలలో ఒకరికి ఆ పరీక్ష ప్రశ్న స్వయంగా ఎదురైంది. ఆమె తన సంగతిని చాలాకాలం బయటపెట్టలేదు. తనకు వ్యాధి ఉన్నదని 2020లో బహిరంగంగా వెల్లడించింది. డి.ఎన్.ఏ. నిర్మాణాన్ని కనుగొన్న వారిలో ఒకడైన జేమ్స్ వాట్సన్ మరొక రకమైన ఉదాహరణ. 2007లో తన జన్యుపటాన్ని అంతా ప్రపంచం ముందుంచి, ఆల్‌జైమర్స్ వ్యాధికి సంబంధించిన ఏపీఓఈ జన్యువు ఒక్కటి మాత్రం తనకు కూడా చెప్పవద్దన్నాడు. ఆయన నాయనమ్మ, అమ్మమ్మలలో ఒకరు ఆ జబ్బుతో పోయారు. చుట్టుపక్కల అక్షరాలను బట్టి ఆ జన్యువు ఏ రకమో ఊహించవచ్చునని ఇతరులు చూపడంతో, ఆ పరిసర భాగాన్ని కూడా తీసివేయవలసి వచ్చింది.

తెలుసుకోకుండా ఉండే హక్కు ఒక కుటుంబంలో అందరికీ ఒకేసారి దక్కదు. తాతకు హంటింగ్టన్ ఉన్నదనుకొందాము. తండ్రి పరీక్ష వద్దన్నాడు. కొడుకు చేయించుకొన్నాడు, దోషం ఉన్నదని తేలింది. ఆ క్షణంలో తండ్రి ఫలితం కూడా తేలిపోయినట్లే. ఏకరూప కవలల విషయంలోనూ అంతే. అందుకే పరీక్షకు ముందు, తరువాత జన్యు సలహాదారుతో మాట్లాడడం, ఆలోచించుకొనేందుకు వ్యవధి ఇవ్వడం, పెద్దయ్యాక వచ్చే జబ్బులకు మైనరు పిల్లలను పరీక్షించకపోవడం అనే పద్ధతులు ఏర్పడ్డాయి.

కెనడాలో ఈ వ్యాధి ముప్పు ఉన్న 233 మందిని అడిగి 2009లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 40 శాతం మంది తమకు వివక్ష ఎదురైందన్నారు. అందులో బీమాదే పెద్ద వాటా. తరువాత కుటుంబంలోనే, అటు పిమ్మట స్నేహితులలో. ఆ వివక్షకు ఎక్కువగా కారణమైనది పరీక్ష ఫలితం కాదు, కుటుంబ చరిత్ర. మీ నాన్నగారు ఏ జబ్బుతో పోయారు అన్న బీమా దరఖాస్తులోని ప్రశ్నకు ప్రయోగశాల అవసరం లేదు. అనగా పరీక్ష మానుకొన్నంత మాత్రాన వివక్ష తప్పదు. పైగా ఆ కుటుంబాలలో సగం మందికి దోషం ఉండదు. వారిని ఆ అనుమానం నుండి బయటపడవేయగలిగినది పరీక్షే.

భయం వలన జరిగే నష్టం

బి.ఆర్.సి.ఏ. జన్యువుల సంగతి వేరు. ఇక్కడ తెలుసుకొంటే చేయదగినది ఉన్నది. ఈ దోషం ఉన్న స్త్రీలకు 80 ఏళ్ళలోపు రొమ్ము కేన్సరు వచ్చే అవకాశం 70 శాతం దరిదాపుల్లో ఉంటుందని 2017లో ప్రచురితమైన పెద్ద అధ్యయనం తేల్చింది. ముందే తెలిస్తే తరచు ఎమ్మారై తీయించుకోవచ్చు, సంతానం కలిగాక అండాశయాలు తీయించుకోవచ్చు, రొమ్ములు తీయించుకొనే నిర్ణయమైనా తీసుకోవచ్చు. 2013లో హాలీవుడ్ నటి ఏంజెలినా జోలీ తాను అలా చేయించుకొన్నట్లు వ్రాసిన తరువాత అనేక దేశాలలో ఈ పరీక్ష కోరేవారు పెరిగారు.

ఇంత ప్రయోజనం ఉన్నా, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల అధ్యయనాలలో ఈ పరీక్షకు అర్హులైనవారిలో 32 శాతం మంది, గోప్యత పోతుందని, ఆరోగ్య బీమాలో వివక్ష ఎదురవుతుందని చెప్పి వద్దన్నారు. చేయించుకొన్నవారిలో కొందరు బీమాను వాడుకోకుండా సొంత డబ్బు కట్టారు. మారుపేర్లు ఇచ్చినవారూ ఉన్నారు. మారుపేరుతో చేసిన పరీక్ష ఫలితం అసలు వైద్య రికార్డులోకి ఎక్కదు కనుక, ఆ తరువాత చికిత్స చేసే డాక్టరుకు అది తెలియదు.

బీమా సంస్థల వాదన

బీమా సంస్థల వాదనలోనూ కొంత నిజం లేకపోలేదు. తన ఆయుష్షు తక్కువని తెలిసినవాడు పెద్ద మొత్తానికి పాలసీ తీసుకొని, ఆ సంగతి సంస్థకు తెలియకపోతే, ఆ భారం మిగిలిన పాలసీదారులపై పడుతుంది. 2005లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, ఆల్‌జైమర్స్ ముప్పు పెంచే జన్యువు తమకు ఉన్నదని తెలిసినవారు, వృద్ధాప్య సంరక్షణ బీమాలో మార్పులు చేసుకొనే అవకాశం ఇతరులకంటె అయిదు రెట్లకు పైగా ఎక్కువని తేలింది. అయితే అరుదైన జబ్బులు కొద్దిమందికే ఉంటాయి గనుక వాటివలన మొత్తం బీమా వ్యవస్థకు కలిగే నష్టం స్వల్పమని ఎదుటివారి వాదన.

వివిధ దేశాల చట్టాలు

అమెరికాలో లూయీస్ స్లాటర్ అనే కాంగ్రెసు సభ్యురాలు 1995లో ప్రవేశపెట్టిన బిల్లు 13 ఏళ్ళు నలిగి, 2008 మే 21న అధ్యక్షుడు జార్జి బుష్ సంతకంతో చట్టమైంది. ప్రతినిధుల సభలో 414 మంది అనుకూలంగా, ఒక్కరు వ్యతిరేకంగా ఓటు వేశారు. జీనా అనే పొట్టిపేరుతో వ్యవహరించే ఈ చట్టం ఆరోగ్య బీమాలోను, ఉద్యోగాలలోను జన్యు సమాచారాన్ని వాడకుండా నిషేధిస్తుంది. కుటుంబ చరిత్ర కూడా జన్యు సమాచారం కిందికే వస్తుంది. కాని జీవిత బీమా, అంగవైకల్య బీమా, వృద్ధాప్య సంరక్షణ బీమా దీని పరిధిలో లేవు. 15 మందికి తక్కువ ఉద్యోగులున్న యాజమాన్యాలకు, సైన్యానికి ఇది వర్తించదు. అందువలన అమెరికాలో జన్యు సలహాదారులు పరీక్షకు ముందే జీవిత బీమా తీసుకొనే విషయం ఆలోచించుకోమని చెప్పడం రివాజు అయింది. ఫ్లోరిడా రాష్ట్రం 2020లో జీవిత బీమాకు కూడా నిషేధం విస్తరించింది.

ఈ చట్టం కింద జ్యూరీ ముందుకు వెళ్ళిన మొదటి కేసుకు జబ్బుతో సంబంధమే లేదు. జార్జియాలోని ఒక గోదాములో ఎవరో పదేపదే మలవిసర్జన చేసి పోతుంటే, యాజమాన్యం ఇద్దరు ఉద్యోగుల బుగ్గల లోపలినుండి నమూనాలు తీయించి పోల్చింది. వారు కారని తేలింది. వారు దావా వేయగా, 2015లో జ్యూరీ 22 లక్షల డాలర్లకు పైగా ఇప్పించింది.

కెనడా 2017లో చేసిన చట్టం ఇంకా గట్టిది. ఏ ఒప్పందానికైనా జన్యు పరీక్షను షరతుగా పెట్టడం నేరం. పది లక్షల డాలర్ల వరకు జరిమానా గాని, అయిదేళ్ళ వరకు జైలు గాని, లేదా రెండూ విధించవచ్చు. 2020లో అక్కడి సుప్రీంకోర్టు 5-4 తేడాతో దీనిని నిలబెట్టింది. బ్రిటన్‌లో బీమా సంస్థలు ప్రభుత్వంతో చేసుకొన్న ఒప్పందం ప్రకారం, 5 లక్షల పౌన్లకు మించిన జీవిత బీమాకు హంటింగ్టన్ పరీక్ష ఫలితం తప్ప, ముందుగా జోస్యం చెప్పే మరే జన్యు పరీక్ష ఫలితమూ అడగరాదు. ఆస్ట్రేలియా ప్రభుత్వం జీవిత బీమాలో ఈ ఫలితాల వాడకాన్ని నిషేధిస్తామని 2024లో ప్రకటించింది. జర్మనీలో హెస్సే రాష్ట్రంలో తండ్రికి హంటింగ్టన్ ఉన్నదన్న కారణంతో ఒక ఉపాధ్యాయినికి శాశ్వత నియామకం నిరాకరించగా, 2004లో న్యాయస్థానం ఆమెకు అనుకూలంగా తీర్పు చెప్పింది. తరువాత అక్కడ ప్రత్యేక చట్టం వచ్చింది. చైనాలో ఫోషాన్ నగరంలో తలసీమియా వాహకులన్న కారణంతో సర్కారు కొలువు పోగొట్టుకొన్న ముగ్గురు అభ్యర్థులు మాత్రం 2010లో కోర్టులో ఓడిపోయారు.

చట్టాలు యజమానినీ బీమా సంస్థనూ కట్టడి చేస్తాయి గాని, ఇంటికి తెప్పించుకొన్న గొట్టంలో ఉమ్మి పంపి చేయించుకొనే పరీక్షల సమాచారం మరో దారిన పోవచ్చు. ఇటువంటి పరీక్షలు అమ్మే ట్వంటీత్రీ అండ్ మీ సంస్థనుండి 2023లో దాదాపు 69 లక్షల మంది ఖాతాల సమాచారం దొంగల పాలైంది. 2025 మార్చిలో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసినప్పుడు, ఖాతాదారుల జన్యు సమాచారం కూడా అమ్మకపు ఆస్తులలో ఒకటిగా లెక్కకు వచ్చింది.

భారతదేశంలో

భారతదేశంలో జన్యు వివక్షను నిషేధించే ప్రత్యేక చట్టం లేదు. హెచ్.ఐ.వి. ఉన్నవారిపై వివక్షను నిషేధిస్తూ 2017లో చట్టం వచ్చింది గాని జన్యువులకు అటువంటిది రాలేదు. ఈ విషయమై ప్రధానమైన తీర్పు ఢిల్లీ హైకోర్టుది. గుండె కండరం మందమయ్యే జబ్బు ఉన్న ఒక పాలసీదారుకు, అది జన్యు వ్యాధి అని, పాలసీలో జన్యు వ్యాధులకు మినహాయింపు ఉన్నదని చెప్పి, యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ కంపెనీ చికిత్స ఖర్చు నిరాకరించింది. 2018 ఫిబ్రవరి 26న న్యాయమూర్తి ప్రతిభా సింగ్ పాలసీదారుకు అనుకూలంగా తీర్పు చెబుతూ, జన్యు వ్యాధులన్నిటినీ గంపగుత్తగా మినహాయించడం రాజ్యాంగంలోని 14వ అధికరణకు విరుద్ధమన్నారు. మరుసటి నెలలోనే బీమా నియంత్రణ సంస్థ, జన్యు వ్యాధి అన్న మినహాయింపుతో క్లెయిములు తిరస్కరించవద్దని కంపెనీలను ఆదేశించింది. ఈ వివాదం తరువాత సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

ఆ మినహాయింపు ఎంత విశాలమైనదో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్, ఆయన సహచరులు 2009లో ప్రచురించిన పరిశోధనను బట్టి ఊహించవచ్చు. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరాలు లోపించిన రూపం భారతీయులలో నూటికి నలుగురిలో ఉన్నదని, అది ఉన్నవారికి పెద్ద వయస్సులో గుండె జబ్బు ముప్పు పెరుగుతుందని వారు చూపారు. జన్యువు పేరు చెప్పి బీమా నిరాకరించదలిస్తే ఈ ఒక్క లోపంతోనే కోట్లమంది బయట మిగిలిపోతారు.

పెళ్ళి సంబంధాలు

అమెరికాలో ఈ భయం బీమా చుట్టూ తిరిగితే, తెలుగునాట పెళ్ళి చుట్టూ తిరుగుతుంది. అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలన్న మాట జన్యుశాస్త్రం కంటె చాలా పాతది. వంశంలో మూర్ఛ, పిచ్చి, బొల్లి ఉన్నాయేమోనని సంబంధం చూసేవారు ఆరా తీస్తారు. కనుక ఒక పిల్లకు వచ్చిన పరీక్ష ఫలితాన్ని దాచడానికి తల్లిదండ్రులు చెప్పే కారణం తరచు ఆ పిల్లను గురించి కాదు, ఆమె చెల్లెళ్ళను గురించి.

ఒక సమూహం మొత్తానికి జన్యు ముద్ర పడడం కూడా ఇక్కడ తెలిసినదే. ఆంధ్ర వైశ్యులలో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం ఇతరులకంటె సుమారు నూరు రెట్లు ఎక్కువ. ఇది ఉన్నవారికి ఆపరేషనులో కండరాలను సడలించే ఒక మందు ఇస్తే చాలాసేపు ఊపిరి ఆడదు. వీరు కొద్దిమంది పూర్వీకుల నుండి వచ్చి, వేల ఏళ్ళుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకొన్నారని 2009లో సి.సి.ఎం.బి., హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి ప్రచురించిన పరిశోధన తేల్చింది. మత్తుమందు ఇచ్చే డాక్టరు కులం అడగడం వివక్ష కాదు, జాగ్రత్త. ఆ జవాబే బీమా దరఖాస్తులో అడిగితే వేరే సంగతి.

ప్రస్తుతం దేశంలో ఈ ప్రశ్న ఎక్కువమందిని తాకుతున్నది కొడవలి కణ వ్యాధి విషయంలో. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం, 40 ఏళ్ళ లోపు వయస్సు గల 7 కోట్ల మందిని పరీక్షించాలని పెట్టుకొన్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని గిరిజన ప్రాంతాలు కూడా ఇందులో ఉన్నాయి. పరీక్షించిన ప్రతివారికీ మామూలు, వాహకుడు, రోగి అని తెలిపే కార్డు ఇస్తారు. పెళ్ళికి ముందు ఇద్దరి కార్డులూ పోల్చుకోవాలన్నది సలహా. ఇద్దరూ వాహకులైతేనే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒక్కరే వాహకులై, రెండోవారు మామూలైతే బిడ్డకు జబ్బు రాదు. ఈ రెండో వాక్యం కార్డుతో పాటు ఊరికి చేరకపోతే, వాహకురాలైన పిల్లను మామూలు కార్డు ఉన్న కుర్రవాడు కూడా కాదంటాడు.

ఈ చిక్కును ఒక సంప్రదాయ సమాజం మరొక విధంగా పరిష్కరించుకొన్నది. టే-శాక్స్ అనే జబ్బుతో నలుగురు బిడ్డలను పోగొట్టుకొన్న జోసెఫ్ ఎక్‌స్టైన్ అనే యూదు మతగురువు 1980 దశకంలో న్యూయార్కులో డోర్ యెషోరిమ్ అనే సంస్థను స్థాపించాడు. అక్కడ పరీక్ష చేయించుకొన్న యువతీయువకులకు ఫలితం చెప్పరు, ఒక అంకె ఇస్తారు. సంబంధం మాట్లాడుకొనేటప్పుడు ఇద్దరి అంకెలూ సంస్థకు తెలియజేస్తే, ఈ జోడీ కుదురుతుందో లేదో మాత్రమే చెబుతారు. కుదిరిన జోడీలో ఒకరు వాహకులై ఉన్నా ఆ సంగతి వారికి గాని, ఎదుటివారికి గాని తెలియదు.